వలువల సభ్యత

సంక్రాంతి మూడు దినములును, దాని వెనువెంట జాతరల కాలమును వచ్చినవన్న, మా జంగారెడ్డిగూడెము చుట్టుపట్ల పెద్దల నోళ్లయందును పత్రికలయందును ఒక్కటే మాట వినబడును: "రికార్డింగు డాన్సుల పేర అశ్లీల నృత్యములు జరుగుచున్నవి, మన సంస్కృతి మంట గలిసినది." కోడిపందెముల బరుల ప్రక్కన పందిరి వేసి, ప్రొద్దుపోయిన పిదప, సినిమా పాటలకు స్త్రీలచేత ఆడించి, తుదకు వారి వలువలు విడిపించు ఆచారము మా గోదావరి మండలములలో కొన్ని తావుల గలదనుట దాపరికము లేని విషయము. దానిని సమర్థించుటకు నేనీ వ్యాసము వ్రాయుట లేదు, ఖండించుటకే వ్రాయుచున్నాను. కాని ఖండించువారిలో పెక్కుమంది ఖండింపవలసినదానిని విడిచి వేఱొకదానిని పట్టుకొనియున్నారు. వారి కంటికి దోషమై తోచునది ఒడలు. నా కంటికి దోషమై తోచునది బేరము. ఈ రెంటికి గల భేదము తెలియనంతకాలము మనము దండింపదగనివారిని దండించుచు, దండింపదగినవారికి దండలు వేయుచునే యుందుము.

నేను బడిపంతులను గనుక ముందుగా బడిలోని సంగతి చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక పాఠశాలలో చరిత్ర చెప్పు గది గోడకు రెండు పటములు తగిలించితిని. ఒకటి 1926లో మొహంజొదారోలో దొరికిన కంచు నర్తకి బొమ్మ. దాని యెత్తు నాలుగంగుళములకు ఇంచుక మించును. రెండవది అమరావతి స్తూపపు శిల్పములలోని స్త్రీమూర్తి. వారము తిరుగక మునుపే కొందఱు తండ్రులు వచ్చి "ఆడపిల్లలు కూర్చుండు గదిలో ఈ దిసమొల బొమ్మలేమిటి మాస్టారూ?" అనిరి. పటములు దిగినవి. ఆ యేటి వార్షికోత్సవమునాడు అదే పెద్దలు ముందువరుస కుర్చీలలో ఆసీనులై యుండగా, ఐదవ తరగతి బాలికలు ఒక సినిమా పాటకు, ఆ పాటలో నటి చేసిన అభినయమునంతయు, దాని యర్థ మెఱుగకయే, పాఠము అప్పగించినట్లు అప్పగించిరి. "మరొక్కసారి" యని కేకలు వేసినవారిలో పటములు దింపించిన పెద్దలును గలరు. చప్పట్లు కొట్టినవారిలో నేనును గలను. ఆ మాట దాచినచో ఈ వ్యాసము వ్రాయుటకు నాకు హక్కు లేదు.

ఆ కంచు నర్తకి నడుముపై చేయి వేసికొని, గడ్డము పైకెత్తి, ఎవరి మెప్పును కోరక నిలిచియున్నది. ఆమెను చూచి సిగ్గుపడినవారము, ఎదిగియు నెదుగని పిల్లలచేత పరుల మెప్పు కోరించుటకు సిగ్గుపడమైతిమి. ఇది మా యూరి యమాయకత్వము మాత్రమే యనుకొని కొంతకాలము సమాధానపడితిని. 2023 మే నెలలో ఢిల్లీయందు అంతర్జాతీయ మ్యూజియముల ప్రదర్శన జరిగినపుడు, ఆ నర్తకినే చిహ్నముగా గైకొని, ఆమెకు రవికయు, దానిపై చేతులు లేని కోటును తొడిగి నిలువబెట్టిరి. నాలుగువేల యేండ్లకు పైబడి ఆమెకు చలి వేయలేదు, మనకు వేసినది.

శాస్త్రము ఒప్పదనువారు కలరు. వారిలో శాస్త్రము చదివినవారు తక్కువ. అశ్లీలమను మాటను మనకిచ్చినవారు ఆలంకారికులు. మమ్మటుడు దానిని కావ్యదోషములలో చేర్చి, వ్రీడను స్ఫురింపజేయునది, జుగుప్సను స్ఫురింపజేయునది, అమంగళమును స్ఫురింపజేయునది యని ముత్తెఱంగుల జేసెను. అనగా రోత పుట్టించు మాటయు అశ్లీలమే, చావును తలపించు మాటయు అశ్లీలమే. ఈ మూటిలో సిగ్గుతో ముడిపడినది ఒక్కటి మాత్రమే. అదియు పలుకునకు పట్టిన దోషము గాని, పలుకబడిన దేహమునకు పట్టిన దోషము గాదు. పైగా సందర్భమునుబట్టి ఆ దోషమే గుణమగునని, వైరాగ్యమును చెప్పుపట్ల దేహమును గూర్చిన రోతమాట తగినదే యగునని ఆయనయే యొప్పుకొనెను. మన నేటి పెద్దలకంటె ఆ కాశ్మీర పండితుడు తాళిమి గలవాడు.

భరతముని మాటయు చూతము. శయనము, చుంబనము, ఆలింగనము, పోకముడి సడలించుట మున్నగువానిని రంగముపై చూపరాదని నాట్యశాస్త్రము నిషేధించుట నిజము. కాని ఏ కారణముచేత? తండ్రియు కొడుకును, అత్తయు కోడలును ఒక్కచోట కూర్చుండి చూడదగినది నాట్యము గనుక. మునికి తట్టిన హేతువు ప్రేక్షకుల మర్యాదయే గాని, దేహము పాపమని ఆయన అనలేదు. ఈ కొలతతో మన జాతరపందిరిని కొలిచి చూడుడు. అత్తలును కోడండ్రును ఇండ్లకు పోయిన పిమ్మటనే గదా అక్కడ అసలు ఆట మొదలగుట! తన కూతురిని వెంటబెట్టుకొని చూడజాలనిదానిని మరియొకని కూతురిచేత చేయించి చూచువాడు భరతుని నిషేధమును ఉల్లంఘించినవాడు. ఆడినది కాదు.

ఒడలు కనబడకయు అశ్లీలము పెచ్చుపెరుగవచ్చుననుటకు మన సీమలోనే గొప్ప నిదర్శనము గలదు. కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) గోదావరి మండలమువారు. వరశుల్కమును దునుమాడుచు "వరవిక్రయము" వ్రాసిన మహనీయులు. ఆయనయే వేశ్యాలంపటత్వము కొంపలు కూల్చుననుటకై "చింతామణి" వ్రాసిరి. అది సంస్కరణ నాటకము. నూఱేండ్లలో నాటక సమాజములవారు దానికేమి చేసిరో అందఱెఱుగుదురు. సుబ్బిసెట్టి వచ్చు రంగమును చింతకాయ పులుసువలె సాగదీసి, కవి వ్రాయని ద్వంద్వార్థపు మాటలను గంటలకొలది కురిపించి, తక్కిన నాటకమును ఆ రంగమునకు తోకగా చేసిరి. నేను చూచిన ప్రదర్శనములలో చింతామణికి నిండు పట్టుచీర, సుబ్బిసెట్టికి నిండు పంచె. ముఖములును చేతులును తప్ప వేఱేమియు కనబడలేదు. అంతకంటె మలినమైన రాత్రిని నేనెఱుగను. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనమును నిషేధించినది. ఆర్యవైశ్యులు తమ కులమును గేలి చేయుచున్నారని మొఱపెట్టుకొనగా అట్లు చేసినది. వారి నొప్పి న్యాయమైనదే. కాని ఆ రంగములో దశాబ్దములుగా స్త్రీని గూర్చి పలికిన పలుకులకు ఏ ప్రభుత్వమును కదలలేదు. ఒక కులమునకు నొప్పి తగిలినపుడు కదలినది. పోనీ, కదలి చేసినదేమి? కల్పించి పలికినవాని నోరు కట్టుటకు మాఱుగా, వ్రాసిన కవి నోరు కట్టినది.

దీనికెదురుగ వేఱొక నిదర్శనము. శేఖర్ కపూర్ తీసిన "బ్యాండిట్ క్వీన్" అను హిందీ చిత్రములో, ఫూలన్‌దేవిని పగవారు దిగంబరగా చేసి, ఊరందఱు చూచుచుండగా బావికడకు నడిపించి నీరు తోడించు ఘట్టము గలదు. ఢిల్లీ హైకోర్టు చిత్రముపై ఆంక్ష విధింపగా, 1996 మే 1న సుప్రీంకోర్టు ఆ యాంక్షను తొలగించినది. ఆ దృశ్యము చూచువానికి కామము గాదు, ఆ దుర్మార్గులపై ఏవగింపును ఆ యబలపై కనికరమును కలుగుననియే ధర్మాసనము నిర్ణయించినది. ఒక్క నూలుపోగు లేని దృశ్యము అశ్లీలము కాదు. ఆపాదమస్తకము కప్పిన చింతామణి రంగము అశ్లీలము. 2014లో అవీక్ సర్కార్ కేసునందును ఆ న్యాయస్థానమే, దిగంబర చిత్రమైనంతమాత్రమున అశ్లీలము కాదనియు, దాని సందర్భమును సమకాలిక సమాజపు దృష్టితో చూడవలెననియు చెప్పినది. విక్టోరియా రాణికాలపు ఇంగ్లీషు కొలబద్దను, ఎవని మనస్సు మిక్కిలి దుర్బలమో వానికి కలుగు వికారమును బట్టి గ్రంథమును కొలుచు ఆ కొలబద్దను, మన న్యాయస్థానములు అప్పటికి గాని విడువలేదు.

ఇంతవఱకు చెప్పి ఊరకున్నచో నా వాదము సులభముగా నెగ్గును. కాని ఒక చిక్కు గలదు. ఆ చిత్రము తీయునాటికి ఫూలన్‌దేవి బ్రదికియున్నది. తన యవమానమును తెఱపై చూపుటకు తన యనుమతి లేదని ఆమెయే కోర్టునకెక్కినది. పిమ్మట రాజీ కుదిరినది. దర్శకుని యుద్దేశము మంచిదే కావచ్చును, ధర్మాసనము తీర్పు సరియైనదే కావచ్చును. ఐనను, ఒకసారి ఊరు చూచినదానిని లోకమెల్ల చూచుటకు ముందు, ఆ యొడలు ఎవరిదో ఆమెను అడుగవలదా? అశ్లీలమా కాదా యని చూపరుల మనస్సులను తూచిన తక్కెడలో ఆమె మనస్సు ఎన్నడును పడలేదు. అందుచేత నేననునది: చూచువానికేమి కలిగినదని అడుగుట చాలదు. చూపబడినదానికి ఇష్టమున్నదా, వలదనుటకు వీలున్నదా, లాభ మెవ్వనిది యని అడుగవలెను.

ఆమె యిష్టమే యైనపుడు ఒడలు ఎంతటి యాయుధమగునో మణిపురము చూపినది. మహాశ్వేతాదేవి వ్రాసిన "ద్రౌపది" కథను హైస్నాం కన్హయ్యలాల్ 2000లో నాటకముగ నాడించెను. అందు సైనికులచే చెఱుపబడిన స్త్రీ, కప్పుకొమ్మని ఇచ్చిన గుడ్డను త్రోసివైచి, వివస్త్రయై అధికారి యెదుట నిలుచును. ఆ పాత్రను ధరించిన సావిత్రి ఆయన భార్యయే, వయస్సు మీఱిన నటి. ఆమెను తిట్టినవారు పెక్కుమంది. నాలుగేండ్లకు, 2004 జూలై 15న, మనోరమ యను యువతి మృతికి నిరసనగా పన్నిద్దఱు తల్లులు ఇంఫాలులో కాంగ్లా కోట వాకిట, అస్సాం రైఫిల్సువారి యెదుట, వలువలు విడిచి నిలిచిరి. ఆ దినము తలలు వంచుకొన్నది వారు కాదు. ఆ యేడు నవంబరులో సైనికులు కోటను ఖాళీ చేసిరి.

మన భారతమున మాత్రము ఏమున్నది? నిండుసభలో చీర లాగినవాడు పాపి, చూచుచు కూర్చున్నవారు పాపులు. ద్రౌపదిని దూఱిన పాఠకుడు నేటివఱకు పుట్టలేదు. పురాణము విని కన్నీరు విడిచి ఇంటికి వచ్చిన మనమే, జాతర తెల్లవారినపుడు దుశ్శాసనుని విడిచి ద్రౌపదిపై కేసు వ్రాయింతుము. ధృతరాష్ట్రునికి శాలువ కప్పుదుము.

సినిమా సంగతి కొంత చెప్పక తప్పదు. మా జిల్లాకు ముఖ్యపట్టణమగు ఏలూరునకు సమీపమున కొవ్వలి యను గ్రామము గలదు. అచట 1960లో విజయలక్ష్మి యను బాలిక పుట్టినది. నాలుగవ తరగతితో చదువు మాన్పించిరి. చిన్ననాటనే పెండ్లి చేసిరి. ఆ కాపురము భరింపలేక మద్రాసు చేరి, తారల మోములకు రంగు సరిదిద్దు పనికి కుదిరినది. 1980లో "వండిచక్కరం" అను తమిళ చిత్రములో సిల్కు అను పాత్ర వేసి, సిల్క్ స్మితయై, పదునాఱేండ్లలో వందలకొలది చిత్రములలో ఆడినది. కొనువారు లేక డబ్బాలలో పడియున్న చిత్రములకు ఆమె నృత్యమొకటి అతికించి అమ్ముకొనిరనుట పరిశ్రమలో నానుడి. భారతీరాజా 1981లో "సీతాకోకచిలుక"యందు నిండుచీర కట్టించి పాత్ర నీయగా, నటింపగలననియు చూపినది. అట్టి పాత్రలు ఎందఱిచ్చిరి? 1996 సెప్టెంబరు 23న మద్రాసులో తన యింట విగతజీవయై కనబడునప్పటికి ఆమెకు ముప్పదియైదేండ్లు. 2011లో ఆమె జీవితచ్ఛాయలతో "ది డర్టీ పిక్చర్" అను హిందీ చిత్రము వచ్చినది. ఆమె వేషము వేసిన నటికి జాతీయ పురస్కారము లభించినది. విద్యా బాలన్ ప్రతిభకు అది తగినదే. ఐనను మా పొరుగూరి పిల్ల బ్రదికి చేసినపుడు సిగ్గుచేటైనది, వేఱొకతె అనుకరించినపుడు కళ యెట్లయినదో నాకు తెలియుట లేదు.

2018 ఏప్రిల్‌లో ఒక తెలుగు నటి, అవకాశముల పేర తమను వాడుకొనుచున్నారని నిందించుచు, హైదరాబాదులో ఫిల్మ్ చాంబరు కార్యాలయము ముంగిట అర్ధనగ్నయై కూర్చుండినది. ఆమె మార్గము మంచిదా కాదా యనుటలో అభిప్రాయభేద ముండవచ్చును. నాకు ఆశ్చర్యము కలిగించినది పరిశ్రమ పెద్దల సిగ్గు. పాటపాటకును నటీమణుల వలువలను కుదించి సొమ్ము చేసికొనువారు, ఒకతె సొమ్ము గొనక, కెమెరా కోణము వారిని అడుగక, తానై విప్పుకొనగానే పరువు పోయినదని గగ్గోలు పెట్టిరి. కళాకారుల సంఘము ఆమెతో నటింపరాదని కట్టడి చేసినది. జాతీయ మానవహక్కుల సంఘము తాఖీదు లంపగా ఆ కట్టడిని ఎత్తివేసిరి. ఒడలు అదియే. మాఱినది యజమాని.

ఇక మా జాతరపందిరికి వత్తును. "వారు ఇష్టపడియే ఆడుచున్నారు గదా, ఆ దుర్ద్రౌపదులు!" అని నాతో ఎకసక్కెమాడిన మిత్రుడొకడు గలడు. ఆ "ఇష్టము" ఎట్టిదో ఒకామె నాకు చెప్పినది. మాట్లాడుకొన్న బేరము పన్నెండు పాటలకు. అర్ధరాత్రి దాటిన పిదప త్రాగిన కుఱ్ఱలు నోట్లు చూపి ఇంకను కావలెనందురు. కాదన్నచో ఒప్పుకొన్న కూలియు చేతికి రాదు. తిరిగి పోవుటకు వాహనము ఏర్పాటు చేసినవారు వారే. ఇల్లు నలుబది మైళ్ల దూరము. పోలీసులు వచ్చినచో పందిరి వేయించినవారు చీకటిలో కలియుదురు. వేదికపై దీపముల వెలుగున నిలిచినవారు పట్టుబడుదురు. భారతీయ న్యాయసంహిత 296వ విభాగము బహిరంగ అశ్లీలచేష్టకు మూడు నెలలవఱకు చెఱయు వేయి రూప్యములవఱకు జుల్మానాయు విధించుచున్నది. ఆ వేయి రూప్యములును ఆమె కూలిలోనుండియే పోవును.

పూర్వపు సంస్కర్తలను గూర్చి ఒక మాట. రాజమహేంద్రవరమునుండి వీరేశలింగముపంతులుగారు భోగముమేళములపై కత్తి దూసినపుడు, మేళము పెట్టించు ఉద్యోగులను, ధనికులను కూడ విడువలేదు. అది ఆయన ధైర్యము. కాని పిమ్మటివారు పోషకుని మఱచి నర్తకినే పట్టుకొనిరి. 1947లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును నిషేధించుచు చట్టము చేసినది. అది చేయవలసిన చట్టమే. గజ్జెలు విప్పించితిమి, కూడెట్లని అడుగలేదు. కోటిపల్లిలోను, మురమండలోను వృద్ధ నర్తకులు తమ విద్యను గుండెలలోనే దాచుకొని కాలము గడపగా, నటరాజ రామకృష్ణగారివంటివారు ఎన్నియో యేండ్లకు వారి ముంగిళ్లకు పోయి ఆ విద్యను తిరిగి వెలికి దీసిరి. విద్య లేని పందిరిపైకి కూటికై యెక్కినవారిని ఇప్పుడు మఱల తఱుముచున్నాము. 2005లో మహారాష్ట్రము నృత్యశాలలను మూయించి, వేలమందిని వీథిపాలు చేయగా, 2013లో సుప్రీంకోర్టు ఆ నిషేధము చెల్లదన్నది. మూసివేయుట సంస్కరణము కాదని అప్పటికైన తెలిసికొనవలసినది.

నేను కోరునది పెద్దది కాదు. పందిరి వేయించినవాని పేరను, డబ్బిచ్చినవాని పేరను, ముందుగా కేసు వ్రాయుడు. ఆడవచ్చినవారికి పాటల లెక్కతో కాగితముపై ఒప్పందమును, ముందుగ కూలియు నిప్పించుడు. అంతకు మించి బలవంతపెట్టినవానిని లోపల వేయుడు. సెల్‌ఫోనుతో చిత్రము పట్టి ఊరూర పంచువానిని వదలకుడు. మా బడి వేదికలపై పసిపిల్లలచేత ఆ పాటలు ఆడించు ఉపాధ్యాయులను, నాతో సహా, నిలదీయుడు.

చిత్రము పట్టుటను గూర్చి ఊరక వ్రాయలేదు. పైన చెప్పిన యామె కూతురు నా తరగతిలో చదివినది. తొమ్మిదవ తరగతి, సంస్కృత శబ్దములు ఆ పిల్లకు వచ్చినట్లు నా యనుభవములో ఇద్దఱు ముగ్గురికి తప్ప రాలేదు. ఒక సంక్రాంతి సెలవుల పిదప బడి తెఱచిన నాడే, మగపిల్లల చేతులలో ఆ తల్లి ఆట చిత్రము తిరిగినది. దానిని పట్టినది ఒక పిల్లవాని యన్న; పందిరి వేయించినది మరియొక పిల్లవాని తండ్రి. ప్రధానోపాధ్యాయుడు ఆ తండ్రిని పిలువలేదు, ఆ యన్నను పిలువలేదు. తల్లిని పిలిపించి, బడి వాతావరణము చెడుచున్నది గావున పిల్లను వేఱొకచోట చేర్చుకొనుట మేలని మెత్తగ చెప్పెను. ఆమె మాఱు పలుకలేదు. వరండాలో నిలుచుండి, పన్నెండు పాటల బేరము సంగతి నాకు చెప్పినది అప్పుడే. పిల్ల తలుపు దగ్గఱ సంచి పట్టుకొని నిలిచియున్నది. బదిలీ పత్రము వ్రాయు పని నాది. అందులో బడి విడుచుటకు కారణమని యొక గడి యుండును. నేను "తల్లిదండ్రుల కోరిక" యని వ్రాసి సంతకమునకు పంపితిని.